తెల్లారి మిరియాల చారు: మన ఇళ్లలో ఎవరూ రాయని చరిత్ర



మన వలసల గురించి, గుళ్ల గురించి, ఇంటిపేర్ల గురించి ఇక్కడ చాలా రాసుకున్నాం. ఈసారి ఒక గిన్నె గురించి రాసుకుందాం. పెళ్లి మర్నాడో, జాతర మర్నాడో, జీతాల మర్నాడో, రాత్రి తాగొచ్చిన మనిషి తల పట్టుకుని కూర్చుంటే ఇంట్లో ఆడవాళ్లు పొయ్యి మీద పెట్టే చారు గిన్నె గురించి.

ఇదీ ఒక చరిత్రేనా అని కొందరు పెద్దలకు అనిపించవచ్చు. తాగుడును పొగిడే ఉద్దేశం మాకు లేదు. తాగుడు చరిత్ర ఎక్సైజు లెక్కల్లో దొరుకుతుంది, పోలీసు కేసుల్లో దొరుకుతుంది, అసెంబ్లీ చర్చల్లో దొరుకుతుంది. మర్నాడు పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించినవాళ్ల చరిత్ర మాత్రం మన అమ్మమ్మల నోళ్లలోనే ఉండిపోయింది. ఇంకో సంగతి, ఈ వ్యాసంలో ప్రాణానికి సంబంధించిన మాట ఒకటి ఉంది. పొడవుగా ఉందని మధ్యలో వదిలేయకండి.

ముందు చారు వయసు చూద్దాం. శ్రీకృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 దాకా పాలించాడు. ఆయన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు తన ఇంటికి వచ్చిన అతిథులకు ఏ కాలంలో ఏం వడ్డించేవాడో వరసగా చెప్తాడు. ఎండాకాలం విస్తట్లో తియ్యని చారులు, పలుచని అంబలి, నీరుచల్ల ఉంటాయి. చలికాలం వచ్చేసరికి మిరియాల పొడి తగిలించిన వేడివేడి కూరలు వస్తాయి. మిరపకాయ ఊసే లేదు. అది అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన తీరానికి చేరిన పంట. అది రాకముందు మన నాలుకకు కారం అంటే మిరియం, అల్లం, ఆవాలు. అందుకే మిరియాల చారు తాగినప్పుడల్లా మిరపకాయకు ముందున్న మన వంటిల్లు ఒక్కసారి గొంతులో దిగుతుందని మేమంటాం.

రాయల కాలంలోనూ, ఆ తర్వాత నాయకరాజుల కాలంలోనూ మనవాళ్లు మధుర, తంజావూరు దాకా వెళ్లి స్థిరపడ్డారు. వాళ్లతో పాటు చారూ వెళ్లింది. అయితే అక్కడ అది కొత్త చుట్టమేమీ కాదు. మన చారు కన్నడంలో సారు, తమిళంలో రసం. మిరియాలు వేసి కాచిన నీళ్లను తమిళంలో మిళగు తణ్ణీర్ అన్నారు. మద్రాసులో దిగిన ఇంగ్లీషు దొరలకు ఆ మాట నోరు తిరగక ముల్లిగటానీ అయింది. వాళ్లు అందులో మాంసం వేశారు, ఉల్లిపాయ వేశారు, చిక్కగా చేసి సూప్ అని బల్ల మీద పెట్టుకున్నారు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగం చేసే దొరలకు మిగతా దొరలు మల్స్ అని ఎగతాళి పేరు కూడా పెట్టారు. అది ముల్లిగటానీని కత్తిరించగా వచ్చిన పేరే. 1878లో మద్రాసులో కెనీ హెర్బర్ట్ అనే సైనికాధికారి అచ్చు వేయించిన వంటల పుస్తకంలో దీనికి ప్రత్యేకంగా చోటు ఉంది. మన పొయ్యి మీది చారు అలా లండన్ హోటళ్ల దాకా పోయింది.

ఇప్పుడు తాగుడు దగ్గరికి వద్దాం. మన తాతల కాలంలో తాగుడు అంటే ఎక్కువగా కల్లే. మైదానంలో తాటి, ఈత చెట్లు, కోస్తాలో కొబ్బరి, ఒడిశా కొండల్లో జీలుగు. ఆ జీలుగు కల్లునే కోరాపుట్ వైపు సాలప అంటారు. చెట్టు నుంచి దించిన కొన్ని గంటల్లోనే కల్లు పులుస్తుంది. అయినా అందులో మత్తు పదార్థం సాధారణంగా నూటికి నాలుగైదు పాళ్లే. సారాలో అది ముప్పై దాటుతుంది. కల్లు తాగిన మర్నాడు ఉండే బాధ ఒళ్లు బరువు, నోరు పిడచకట్టడం, కడుపులో మంట. దానికి ఇంట్లో ఉన్నదే మందు. పలుచని చారు, లేకపోతే చద్ది నీళ్లు.

ఆ చద్ది నీళ్లకు ఉత్తరాంధ్రలో తరవాణి అని పేరు. వాకిట్లో తరవాణి కుండ ఉన్న ఇళ్లు మన పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. బరంపురం, పర్లాకిమిడి సభ్యులకు ఇది చెప్పనక్కర్లేదు. ఒడియాలో పఖాళం మీద తేరిన పులిసిన నీళ్లను తొరాణి అనే అంటారు. తమిళనాడులో దాన్ని నీరాగారం అంటారు. రాత్రి అన్నంలో పోసిన నీళ్లు తెల్లారేసరికి కొంచెం పులుపెక్కుతాయి. అందులో ఉప్పు వేసి, ఉల్లిపాయ నంజుకుని తాగితే ఎండలో పనికి వెళ్లేవాడికీ మంచిదే, రాత్రి కల్లు తాగినవాడికీ మంచిదే. ఏ రాష్ట్రంలో ఉన్నా మన ఇళ్లలో తెల్లారి మందు ఈ రెంటిలో ఒకటే. వేడిగా అయితే చారు, చల్లగా అయితే తరవాణి.

తర్వాత మనవాళ్లు పనుల కోసం దూరం వెళ్లారు. 1880లో జాన్ టేలర్ కంపెనీ కోలారు బంగారు గనులను చేతిలోకి తీసుకున్నాక చిత్తూరు, ఉత్తర ఆర్కాటు వైపు నుంచి తెలుగువాళ్లు, తమిళులు వేలకొద్దీ గనుల్లోకి దిగారు. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతపడేదాకా ఎన్నో తరాలు అక్కడ గడిపాయి. నిజాం రాజ్యంలోని తెలంగాణ నుంచి వెళ్లిన కామాఠీలు బొంబాయిలో ఇళ్లు కట్టారు, రోడ్లు వేశారు. వాళ్ల పేరు మీదే కామాఠీపురా ఉంది. మన పద్మశాలీలు షోలాపూర్‌లో, భివండీలో మగ్గాల దగ్గర నిలబడ్డారు. ఊళ్లో కల్లు చెట్టు కింద కూర్చున్న మనిషి, ఇక్కడ షిఫ్టు దిగి సారా కొట్టు ముందు నిలబడ్డాడు. కల్లు పోయి సారా వచ్చింది. సారా కొట్ల హక్కును ప్రభుత్వమే వేలం వేసేది. అబ్కారీ ఆదాయం మద్రాసు ప్రభుత్వానికి పెద్ద ఆదాయాల్లో ఒకటి.

సారాతో పాటు చారు అర్థమూ మారింది. ఊళ్లో అది పండగ మర్నాటి ముచ్చట. గనుల దగ్గర, మిల్లుల దగ్గర అది మర్నాటి కూలి కాపాడుకునే పని. పొద్దున సైరన్ మోగేలోపు ఆ మనిషి లేచి నిలబడకపోతే ఆ రోజు డబ్బులు రావు. ఆ డబ్బుల మీదే పిల్లల తిండి. అందుకే మేమనుకోవడం, ఆ గిన్నెలో ప్రేమ ఎంత ఉందో గత్యంతరం లేకపోవడమూ అంతే ఉంది. తిట్టుకుంటూనే మిరియాలు దంచిన చేతులు మనందరి ఇళ్లలోనూ ఉన్నాయి.

ఇక చట్టాల సంగతి. ఒకప్పుడు మన పూర్వీకుల్లో చాలామంది ఒకే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవాళ్లు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా బరంపురం అందులోదే. 1953 దాకా బళ్లారి అందులోదే. 1937 అక్టోబరు 1న రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టింది. అప్పట్లో హోసూరు సేలం జిల్లాలోదే. అంటే దేశంలో ఆ ప్రయోగం మొట్టమొదట తగిలిన ఇళ్లలో మన హోసూరు తెలుగు ఇళ్లూ ఉన్నాయి. పొలిమేర దాటితే మైసూరు సంస్థానం, అక్కడ ఆ చట్టం లేదు. తర్వాత నిషేధం చిత్తూరు, కడప, ఉత్తర ఆర్కాటు జిల్లాలకు పాకింది. పోయిన అబ్కారీ ఆదాయం పూడ్చుకోవడానికి 1939లో అమ్మకపు పన్ను తెచ్చారు. ఉప్పు నుంచి పప్పు దాకా మనం కట్టిన అమ్మకపు పన్నుకు సారా కొట్టు తలుపు మూయడంతో అలాంటి చుట్టరికం ఉంది.

1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా నిషేధం వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు ఆ నిషేధం వారసత్వంగా వెంట వచ్చింది. మరుసటి ఏడు, 1954 నవంబరులో, ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం పడిపోయింది నిషేధం గొడవ మీదే, అదీ ఒక్క ఓటు తేడాతో. అదే నెల 1న యానాం ఫ్రెంచివాళ్ల చేతి నుంచి మన దేశ పాలనలోకి వచ్చింది. అంతకు ముందు ఆరేళ్లు చూడండి. గోదావరి గట్టున చుట్టూ ఉన్న ఊళ్లలో సీసా దొరికితే జైలు, మధ్యలో యానాంలో దుకాణం తెరిచే ఉంది. 1995లో ఎన్టీఆర్ ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ నిషేధం పెట్టాక, 1997లో అది సడలేదాకా మళ్లీ అదే కథ నడిచింది. బొంబాయిలో 1949 నాటి నిషేధ చట్టం, తమిళనాడులో 1971లో సడలింపు, మళ్లీ బిగింపు, మళ్లీ సడలింపు, కర్ణాటకలో 2007 జులై 1 నుంచి సారా నిషేధం. ఒకే ఇంటిపేరున్న అన్నదమ్ములు నాలుగు రాష్ట్రాల్లో నాలుగు చట్టాల కింద బతికారు. వాళ్ల ఇళ్లలో మారనిది తెల్లారి చారు ఒక్కటే.

చట్టం తలుపు మూసిన ప్రతిచోటా పెరటి తలుపు తెరుచుకుంది. దానికి మన రాష్ట్రాల్లో ఎన్ని పేర్లో చూడండి. నాటుసారా, గుడుంబా, కళ్ల చారాయం, హాత్‌భట్టీ. బెల్లం పులియబెట్టి కాచినంత కాలం అది ఒక రకం. లాభం కోసం అందులో ఫ్యాక్టరీల్లో వాడే మిథైల్ ఆల్కహాల్, అంటే మిథనాల్, కలిపినప్పుడు కథ మారిపోయింది. దానికి రంగు లేదు. తాగేవాడికి మామూలు మత్తులాగే ఉంటుంది. 1981లో బెంగళూరులో 300 మందికి పైగా చనిపోయారు. 1992లో కటక్‌లో 200 మందికి పైగా. 2008లో బెంగళూరు, కోలారు, కృష్ణగిరి వైపు 100 మందికి పైగా. 2015లో ముంబై మాల్వణిలో 100 మందికి పైగా. 2024 జూన్‌లో కళ్లకురిచ్చిలో 60 మందికి పైగా. ఈ ఊళ్ల పేర్లు చదువుతుంటే మనం ఉండే ఊళ్ల జాబితాలాగే లేదూ? పోయినవాళ్లలో ఎక్కువమంది రోజుకూలీలు, పారిశుద్ధ్య పనివాళ్లు, మూటలు మోసేవాళ్లు.

ముందు చెప్తామన్న మాట ఇదే. మిథనాల్ తాగిన వెంటనే చంపదు. ఒంట్లో అది ఫార్మిక్ ఆమ్లంగా మారడానికి సమయం పడుతుంది. సాధారణంగా పన్నెండు గంటల నుంచి ఒక రోజు లోపు దాని గుణం బయటపడుతుంది. మామూలు మద్యంతో కలిసి ఉంటే ఇంకా ఆలస్యం కావచ్చు. అంటే సరిగ్గా తెల్లారి. తలనొప్పి, వాంతులు, కడుపునొప్పి. చూసేవాళ్లకు అది రోజూ చూసే నిషాలాగే ఉంటుంది. "రాత్రి ఎక్కువైంది, చారు తాగి పడుకో" అంటారు. ఆ నిద్రలోనే చూపు పోతుంది, ఒక్కోసారి ప్రాణమూ పోతుంది.

తేడా ఎలా తెలుస్తుంది? మామూలు నిషా పొద్దెక్కేకొద్దీ దిగుతుంది. మిథనాల్ విషం పొద్దెక్కేకొద్దీ ఎక్కుతుంది. కళ్లు మసకగా ఉన్నాయన్నా, ఎదురుగా అంతా మంచు పరిచినట్టు తెల్లగా కనిపిస్తోందన్నా, ఊపిరి వేగంగా ఆడుతున్నా, కడుపునొప్పి తగ్గకపోతున్నా, మనిషి మాట తడబడి మగతలోకి జారుతున్నా, చారు గిన్నె పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. ఎక్కడ తాగాడో, ఏం తాగాడో దాచకుండా డాక్టరుకు చెప్పండి. పరువు పోతుందనో, పోలీసు కేసవుతుందనో ఆగవద్దు. ఆసుపత్రిలో విరుగుడు మందులున్నాయి, రక్తం శుద్ధి చేసే డయాలసిస్ ఉంది. గంటలు గడిచేకొద్దీ అవి పనికొచ్చే అవకాశం తగ్గుతుంది. అతనితో పాటు తాగినవాళ్ల ఇళ్లకూ కబురు పెట్టండి, వాళ్లు బాగానే ఉన్నట్టు కనిపించినా సరే. ముల్లును ముల్లుతోనే తీయాలని ఇంట్లో మళ్లీ మందు పోయవద్దు.

ఇంత చెప్పాక, మామూలు పొద్దుకు మామూలు చారు ఎలా పెట్టాలో కూడా చెప్పకపోతే అన్యాయం. నలుగురికి ఉసిరికాయంత చింతపండు చాలు. రోజూ వేసే నిమ్మకాయంత వేస్తే అసలే మండుతున్న కడుపు ఇంకా మండుతుంది. చింతపండు నానబెట్టి, పిసికి, నాలుగు గ్లాసుల నీళ్లలో కలపండి. ఒక పండిన టమాటా చిదిమి వేయండి. చిటికెడు పసుపు, ఉప్పు, కరివేపాకు వేసి పచ్చివాసన పోయేదాకా పది నిమిషాలు మరగనివ్వండి. ఈలోపు ఒక చెంచా మిరియాలు, ఒక చెంచా జీలకర్ర, పొట్టుతోనే ఐదారు వెల్లుల్లి రెబ్బలు రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. మెత్తగా పొడి కొడితే చారు చేదెక్కుతుంది. దంచింది వేశాక ఎక్కువసేపు మరిగించకూడదు. నురగ కట్టి పైకి పొంగు రాగానే దించేయాలి. కాసిని కందిపప్పు ఉడికించిన కట్టు ఉంటే అరగ్లాసు కలపండి. ఖాళీ కడుపుకు అది ఆధారం. నేతిలో ఆవాలు, ఒక్క ఎండుమిర్చి, ఇంగువ తాలింపు పెట్టి, కొత్తిమీర చల్లండి. ముందు ఒక గ్లాసుడు గోరువెచ్చగా తాగాలి, కాసేపాగి మెత్తటి అన్నంలో కలుపుకుని తినాలి.

ఇంట్లో మాంసం వండుకునేవాళ్లు మేక కాళ్లతో కాచిన పాయాకు ఓటు వేస్తారు. తెలంగాణ నుంచి వెళ్లినవాళ్లు పచ్చిపులుసు అంటారు. కన్నడ దేశంలో స్థిరపడ్డవాళ్లు ఉలవకట్టు అంటారు. అన్నిట్లోనూ ఉన్న గుణం ఒకటే. నీళ్లు, ఉప్పు, కొంచెం పులుపు.

ఈ చారు నిషాను విరగ్గొడుతుందా? లేదు. ఒంట్లోని మద్యాన్ని కాలేయం తన పద్ధతిలో, గంట గంటకూ కొంచెం కొంచెంగానే విరుస్తుంది. మిరియం దాన్ని తొందరపెట్టలేదు, కాఫీ తొందరపెట్టలేదు, చన్నీళ్ల స్నానమూ తొందరపెట్టలేదు. మద్యం మూత్రాన్ని ఎక్కువ చేసి ఒంట్లో నీరు తగ్గిస్తుంది. తినకుండా తాగితే రక్తంలో చక్కెర పడిపోతుంది. చారూ అన్నమూ ఆ నీటిని, ఉప్పును, ఆ కొంచెం బలాన్ని తిరిగి ఇస్తాయి. మిగతా పని కాలం చేస్తుంది. చారు తాగాను కదా అని వెంటనే బండి తీయకూడదు. తలనొప్పికి చేతికందిన మాత్ర వేసుకోకూడదు. తాగిన ఒంటికి కొన్ని మాత్రలు కాలేయాన్ని, కొన్ని కడుపును దెబ్బతీస్తాయి. వణుకు, భ్రమ వచ్చేంతగా రోజూ తాగే అలవాటున్న మనిషికి చారు సరిపోదు, డాక్టరు కావాలి. అది చెప్పుకోవడానికి మన సంఘంలో ఎవరూ సిగ్గుపడే పరిస్థితి ఉండకూడదు.

చివరిగా ఒక ఊరి పేరు తలుచుకోవాలి. నెల్లూరు జిల్లా దూబగుంట. 1992లో ఆ ఊళ్లో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా కొట్టును మూయించారు. రోశమ్మ గారి పేరు అప్పుడే అందరికీ తెలిసింది. ఆ నిప్పు జిల్లాలు దాటింది, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధమైంది. ఆ ఆడవాళ్లు ఎవరో కాదు, ఏళ్ల తరబడి తెల్లారి చారు కాచినవాళ్లే. కాచి కాచి విసిగిన చేతులే కొట్టుకు తాళం వేశాయి. చారు చరిత్ర రాసేవాళ్లు ఈ పేజీ చింపేస్తే అది చరిత్ర అనిపించుకోదు.

మా మనవి ఇది. మీ అమ్మమ్మలు, నాయనమ్మలు ఇంకా ఉంటే వాళ్లింట్లో తెల్లారి ఏం కాచేవాళ్లో, దాన్ని ఏమని పిలిచేవాళ్లో అడిగి కొలతలతో సహా రాసి పెట్టండి. పొద్దెక్కేకొద్దీ ఎక్కే బాధ గురించి పైన రాసింది మాత్రం మీ వీధిలో చదవడం రానివాళ్లకు నోటితో చెప్పండి. వచ్చే కార్తీక వనభోజనాల్లో వంట విషయానికొస్తే, చారు ఈసారి మగవాళ్లు పెట్టాలని మా ప్రతిపాదన. మిరియాలు దంచడంతో మొదలుపెట్టి గిన్నె తోమడం దాకా. అక్కలు, అమ్మలు కూర్చుని రుచి చూసి మార్కులేస్తారు.